డాబా మీద రామ్ములక్కాయలు

నా నోరు మంచిది కాదని గాజువాకలో మా వీధి వీధంతా చెబుతుంది. చెప్పనీ. కొళాయి దగ్గర వరస తప్పించి బిందె ముందుకి తోసేవాళ్ళతోనూ, నేను కట్టిన క్యారేజీ సుబ్బరంగా తిని గిన్నె కడక్కుండా పంపేవాళ్ళతోనూ మెత్తగా మాట్లాడ్డం నాకు చేతకాదు. అలాంటి దాన్ని ఒక్క మనిషి దగ్గర, ఒక్క విషయంలో నోరు కుట్టేసుకుని నెలల తరబడి బతికాను. ఆ మనిషి మా బావ. బావంటే నా మొగుడే, తవిటయ్య. మా మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే.

మా ఇద్దరిదీ ఒకటే ఊరు. శ్రీకాకుళం అవతల, ఉద్దానం వైపు. కొబ్బరి, పనస, జీడిమామిడి, చూడ్డానికి ఎంతో పచ్చగా ఉంటుంది. అక్కడ పుట్టినవాళ్ళకి కిడ్నీ జబ్బంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళ వల్ల అని ఒకరంటారు, పొలంలో కొట్టే మందుల వల్ల అని ఇంకొకరంటారు, ఏదీ తేల్చరు. మా మావ దానితోనే పోయాడు. మా అన్న పోయాడు. పెళ్ళయిన కొత్తలోనే బావ “ఈ నీళ్ళు తాగింది సాలు, పోదాం పదే” అన్నాడు. బట్టల మూటతో విశాఖపట్నం వచ్చేశాం. ఆయన ఆటోనగర్‌లో చెక్కల యార్డులో చేరాడు. నేను అక్కడి వర్క్‌షాపుల కుర్రాళ్ళకి మధ్యాహ్నం క్యారేజీలు కట్టడం మొదలుపెట్టాను. పిల్లలు కలగలేదు. ఒకరికొకరం అన్నట్టుగా ఇరవై ఏళ్ళకి పైగా గడిపేశాం. తీరా చూస్తే ఆ జబ్బు మా వెనక రాలేదు, ఆయన ఒంట్లో కూర్చుని మాతోనే బస్సెక్కి వచ్చింది.

అలా వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో మిషను మీద రక్తం కడిగించుకోవాల్సిన మనిషయ్యాడు. బరువులు ఎత్తొద్దన్నారు. యార్డు ఓనరు మంచివాడు, కూర్చుని మేకులు పీకే పని ఉంచాడు. పనికిరాని ప్యాలెట్లుంటే ఇంటికి పట్టుకుపొమ్మన్నాడు కూడా. ప్యాలెట్లంటే ఓడల్లో వచ్చే సామాను కింద వేసే చెక్క బల్లలు. పోర్టులో దిగి, ఫ్యాక్టరీలన్నీ తిరిగి, నడుం విరిగాక ఆటోనగర్ చేరతాయి. వాటితో బావ మా అద్దింటి డాబా మీద తోట మొదలుపెట్టాడు.

దొరికినవన్నీ తెచ్చేవాడు కాదు. ప్రతి ప్యాలెట్ మీదా కాల్చి వేసిన ముద్ర ఉంటుంది. పురుగు చావడానికి వేడి పెట్టిన చెక్కకి ఒక ముద్ర, మందు పొగ పెట్టిన చెక్కకి ఇంకో ముద్ర. మందు పొగ పెట్టినవాటినీ, నూనె మరకలున్నవాటినీ తాకేవాడు కాదు. ముద్ర చూసింది చాలక, ప్రతి చెక్కనీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు.

“ఏటి బావా, పెల్లిసూపులా?” అనేదాన్ని.

“సెక్కలో ఉన్నది మట్టిలోకొత్తాది. మట్టిలో ఉన్నది కూరలోకొత్తాది. మనకి తెలీదేటి?” అనేవాడు.

రెండు ప్యాలెట్లు విప్పితే ఒక పెద్ద పెట్టె అయ్యేది. కింద ఇంటి ఓనరు సత్యం గారు శ్లాబు చెమ్మగిల్లితే ఊరుకోరని పెట్టెల్ని ఇటుకల మీద ఎత్తి పెట్టాడు. లోపల ఉతికిన బియ్యం సంచులు పరిచి, ఎర్రమట్టి, పెంట, కొబ్బరిపొట్టు కలిపి నింపాడు. కొన్నిటిని విప్పకుండా పిట్టగోడకి నిలబెట్టి, చెక్కల సందుల్లో గోనె గుడ్డ కట్టి తోటకూర, పాలకూర జల్లాడు. పెట్టెల్లో గోంగూర, వంగ, ఒక మూల బొప్పాయి. అన్నిటికంటే ఎక్కువ రామ్ములక్కాయలు. టమాటాల్ని మా వైపు అలాగే అంటాం. ఆకుల మీద పడే ఊరి దుమ్ముని పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేవాడు. పసిపిల్లల మొహాలు కూడా అంత శ్రద్ధగా తుడవరు.

విడ్డూరం ఏమిటంటే ఆ తోటలో కాసినవేవీ ఆయన తినకూడదు. టమాటాలు, ఆకుకూరలు, పళ్ళు, వాటిలో ఉండే పొటాషియం ఇలాంటివాళ్ళ గుండెని ఉన్నపళంగా ఆపేస్తుందట. ఏ కూరైనా సన్నగా తరిగి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి, మిగిలిన పిప్పికి తాలింపు పెట్టాలి. ఉప్పు పేరుకి వేయాలి. నా వంట తిన్నవాడు ఇంకో మెస్సుకి వెళ్ళడని ఆటోనగర్‌లో పేరు నాకు. నా మొగుడికి మాత్రం పిప్పి వండి పెట్టేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. ఆ దేవుడు నా ఎదురుగా ఉంటే ఏం అడిగేదాన్నో నాకే తెలీదు.

తాగడానికి రోజుకి ఒక్క సీసా నీళ్ళు. గుక్కెడు గుక్కెడుగా పొద్దున్నుంచి పడుకునే దాకా దానితోనే సరిపెట్టుకోవాలి. వైశాఖం ఎండలో పెదాలు పగిలిపోయి, నాలిక పిడచకట్టి, చేత్తో పైపు పట్టుకుని ఆ మనిషి మొక్కలకి నీళ్ళు పోస్తుంటే వెళ్ళి పైపు లాక్కోబోయేదాన్ని.

“ఇలాతే, నాను పోత్తాను. నువ్వు నీడకెల్లి కూకో” అనేదాన్ని.

“నువ్వు తిట్టుకుంటా పోత్తావే. మొక్కలు దడుసుకుంటాయి” అనేవాడు.

ఆయన తినలేనిది నాకెందుకని నేను కూడా ఆ పిప్పే తినేదాన్ని. కాయలన్నీ క్యారేజీల్లోకి, సత్యం గారింట్లోకి పోయేవి. “నీకేటొచ్చిందే, నువ్వు తినొచ్చు గదా” అని బావ అడుగుతూనే ఉండేవాడు. నాకు రుచించదని దులిపేసేదాన్ని.

కిందటేడు ఎండలు తగ్గే వేళకి ఆయనకి మిషను మీద విసుగు పుట్టింది. వెళ్ళాల్సిన రోజు మంచం దిగేవాడు కాదు. “ఎంతకాలమే ఇలగ? ఒగ్గెయ్ నన్ను” అనేవాడు. సూదుల నొప్పికి కాదు, బతకడం మీదే మనసు పోయింది. నాకు భయం వేసింది. ఆ భయంలోనే తెగించి చెప్పాను, నా కిడ్నీ ఒకటి ఇస్తానని.

వినగానే లేచి కూర్చున్నాడు. “నోర్ముయ్” అన్నాడు. నన్ను ఆ మాట అనడం మా కాపురంలో అదే మొదలు.

“నానెందుకు ముయ్యాల? రెండున్నాయి గదా, ఒకటి ఇత్తే ఏటవుద్ది?”

“నీకేటైనా అయితే?”

“నువ్వు పోతే నాకేటవుద్దో అది ఆలోసించీ ముందు.”

వాదనలో నన్ను గెలిచినవాడు లేడు. వారం పాటు తిండీ నిద్రా లేకుండా పోరాను. సత్యం గారి చేత చెప్పించాను, యార్డు ఓనరు చేత చెప్పించాను. చివరికి “పరీచ్చలు సేయించుకో, అప్పుడు సూద్దాం” అన్నాడు. నా రక్తం గ్రూపు ఆయనకి సరిపోతుందని తెలిసిన రోజున నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. రోడ్డు మీద ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఆయన బతుకుతాడు, నా ఒంట్లోదాంతో బతుకుతాడు, ఉప్పూ కారం వేసుకుని రామ్ములక్కాయ పప్పు తింటాడు. నాకు ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాను.

మిగతా పరీక్షలయ్యాక డాక్టర్ హిమబిందు నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచింది. చిన్నపిల్ల, నాకు కూతురుంటే అంత ఉండేది. కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చుంది. డాక్టర్లు అలా దగ్గరికి వచ్చి కూర్చుంటే మంచి కబురు కాదని నాకు తెలుసు.

“రోజారమణి గారూ, మీ కిడ్నీ ఇవ్వడం కుదరదండీ. మీకూ మొదలైంది” అంది.

నాకు అర్థం కాలేదు. ఏమిటి మొదలైంది అని అడిగాను. నాక్కూడా ఆ జబ్బే వచ్చిందని, రెండు కిడ్నీలూ సగం పనే చేస్తున్నాయని మెల్లగా చెప్పింది. ఇప్పుడే మిషను అక్కర్లేదు, తిండి విషయంలో జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు లాగొచ్చు అంది. ఉప్పు తగ్గించాలి, పప్పు తగ్గించాలి, టమాటాలూ ఆకుకూరలూ బాగా తగ్గించాలి. ఆ పాఠం నాకు చెప్పక్కర్లేదమ్మా అన్నాను. ఇద్దరం అదే ఊళ్ళో పుట్టాం, అదే బావి నీళ్ళు తాగి పెరిగాం. ఆయన్ని పట్టింది నన్ను పట్టదని ఏ ధైర్యంతో అనుకున్నాను?

“మీ ఆయనకి కుదరదని మాత్రమే చెబుతాం. ఎందుకన్నది చెప్పడం మీ ఇష్టం” అంది ఆ పిల్ల.

గాజువాక బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా జబ్బు గురించి కాదు. ఒక్క మందు ఉంది ఆయనకి, అది నా దగ్గర ఉందనుకున్నాను, అది పుచ్చిపోయింది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో దారి పొడవునా ఆలోచించాను.

మెట్లెక్కి డాబా మీదకి వచ్చేసరికి బావ రామ్ములక్క మొక్కలకి పుల్లలు కడుతున్నాడు. నన్ను చూసి చేతిలో పురికొస వదిలేశాడు.

“ఏటన్నారు?”

“కలవలేదట బావా. గ్రూపు ఒకటైనా లోపలేవో కలవాలట, అవి కలవలేదట.”

“మరి నీకు? నీకేటీ లేదు గదా?”

ఆయన మొహం చూశాను. కిడ్నీ దొరకలేదన్న బాధ ఆ మొహంలో ఎక్కడా లేదు. నా జవాబు కోసం భయపడుతూ నిలబడ్డాడు.

“నాకేటి రోగం? గుండ్రాయిలాగున్నానట” అన్నాను.

పెట్టె అంచు మీద కూలబడి, మొహానికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. “పరీచ్చలన్నప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదే. నీకు కూడా ఉందంటారేమోనని సచ్చిపోయేను” అన్నాడు. “మనూరు నన్ను పట్టుకున్నాది గానీ నిన్ను ఒగ్గేసిందే రమణీ. నిన్నొక్కదాన్ని ఒగ్గేసింది. ఇంకేటి కావాల నాకు?”

ఇంక నేను నోరెలా విప్పను? మీరే చెప్పండి.

ఆ మర్నాటి నుంచి ఆయన కొత్త మనిషైపోయాడు. మిషనుకి వెళ్ళాల్సిన రోజున నాకంటే ముందే చొక్కా తొడుక్కుని కూర్చునేవాడు. యార్డు నుంచి ఇంకో ఆరు ప్యాలెట్లు వేయించుకొచ్చాడు. నా కోసం ఇంకో పెట్టె రామ్ములక్కాయలు, ఇంకో పెట్టె బచ్చలి. ఒక పెద్ద పెట్టె కట్టి అందులో జామ అంటు నాటాడు. “ఇది కాపుకొచ్చేసరికి నానుంటానో ఉండనో. నువ్వు తింటావు” అన్నాడు. బాధపడుతూ కాదు, పండగ కబురు చెప్పినట్టు చెప్పాడు.

“ఇంక నా కూడు నువ్వు తినకు. బాగున్నోలు బాగున్నట్టు తినాల” అని ఆజ్ఞ వేశాడు. మధ్యాహ్నం క్యారేజీలు వెళ్ళిపోయాక నన్ను డాబా మీద నీడన కూర్చోబెట్టేవాడు. రామ్ములక్కాయ పప్పు, గోంగూర పచ్చడి, బచ్చలి పులుసు. తనే అన్నం కలిపి మొదటి ముద్ద నా నోట్లో పెట్టేవాడు. తన పిప్పి కూర పక్కన పెట్టుకుని, నేను నమిలేంతసేపూ నా నోరే చూస్తూ కూర్చునేవాడు.

“పులుపు సరిపోయిందా?”

“సరిపోయింది.”

“కాయ బాగా పండిందా?”

“పండింది బావా, నువ్వు తిను ముందు.”

“నువ్వు తింతంటే నాను తిన్నట్టే ఉన్నాదే” అనేవాడు.

మింగేదాన్ని. ఏం మింగుతున్నానో తెలిసే మింగాను, ఎవరూ నన్ను మోసం చేయలేదు. తప్పించుకోవాలని కూడా చూశాను. కడుపు నొప్పి అన్నాను, రెండ్రోజులు నమ్మాడు. శనివారం ఉపవాసమన్నాను. పడీ పడీ నవ్వాడు. “నువ్వు ఉపవాసమా? పెల్లి నాడు గౌరీపూజ అవకుండానే అరిసెలు తినీసిన గుంటవి” అన్నాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్కలేదు. ఆ నవ్వు చూశాక ఉపవాసం మానేసి పళ్ళెం ముందుకు లాక్కున్నాను.

హిమబిందు డాక్టరు దగ్గరికి క్యారేజీల సామాను వంక పెట్టి వెళ్ళొచ్చేదాన్ని. ఒకసారి ఆ పిల్ల రిపోర్టు చూసి మొహం చిట్లించింది.

“కిందటిసారి కంటే పాడయిందండీ. ఏం తింటున్నారు మీరు?”

“మా ఆయన పెట్టింది.”

“ఆయనకి చెప్పలేదా ఇంకా?” అని తల పట్టుకుంది. “ఆయనకి నిజమైనా చెప్పండి, లేదా తినడమైనా మానండి. ఇలా అయితే మీరు తొందరగా మిషను మీదకి వచ్చేస్తారు. మిమ్మల్ని చూసేవాళ్ళెవరు?”

తలూపి వచ్చేశాను. ఏదీ చేయలేదు. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. ఆయన్ని మంచం మీంచి లేపింది నా కిడ్నీ కాదు, నా అబద్ధం. అది తీసేస్తే మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంటాడు. కిడ్నీ ఎలాగూ ఇవ్వలేకపోయాను, తన భార్య బాగుందన్న మాటైనా ఇచ్చి పంపుదామనుకున్నాను. నాకు మిగిలిన ఆశ అదొక్కటే.

వానలు వెనకబట్టాక ఒకరోజు పొద్దున్నే డాబా మీద బట్టలారేస్తుంటే ప్యాలెట్ చెక్క పేడు ఒకటి అరికాల్లో దిగింది. అబ్బా అన్నాను. బావ పిన్నీసు పట్టుకుని వచ్చి కింద కూర్చుని, నా కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాలు కదలకుండా చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకుని, పేడు పైకి లాగాడు. “నెత్తురు కూడా రాలేదు, దానికి ఇంత గోల” అంటూ చెయ్యి తీశాడు.

బొటనవేలు పెట్టినచోట గుంట అలాగే ఉండిపోయింది.

మా ఊరివైపు ఆ గుంట గురించి చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎవరి కాలు కాస్త బరువెక్కినా ముందు బొటనవేలితో నొక్కి చూస్తారు. మాంసం పైకి లేస్తే సరే. లేవకపోతే ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ అన్నం వడ్డించమని అడగరు. మా మావకి అలాగే చూశారు, మా అన్నకి నేనే నొక్కి చూశాను.

బావ ఇంకోచోట నొక్కాడు. రెండో కాలు తీసుకుని మడమ పైన నొక్కాడు. ముంగాలి మీద నొక్కాడు. అన్ని గుంటలూ అలాగే ఉన్నాయి.

“నిలబడి వంట సేత్తన్నాను గదా బావా, అందుకే వాసినట్టున్నాయి” అన్నాను.

“నాకు సెప్తన్నావా?” అన్నాడు. గొంతు పెంచలేదు. “ఎప్పట్నుంచి?”

కాలు వెనక్కి తీసుకోబోయాను, వదల్లేదు.

“ఆ రోజు ఆసుపత్రిలో సెప్పింది ఇదేనా?”

తల వంచుకున్నాను.

“ఊరందరి మీదకీ లేత్తాది గదా నోరు. మాటాడు.”

“ఇదే” అన్నాను.

చాలాసేపు నా పాదాలు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. కింద సత్యం గారి మోటారు ఆగకుండా తిరిగి, ట్యాంకు నిండి నీళ్ళు కారుతున్నా కదల్లేదు. ఆ తర్వాత అడిగాడు.

“తెలిసి కూడా నాను పెడతంటే ఎందుకు తిన్నావే?”

“నువ్వు పెట్టేవు గదా బావా.”

తన కుడిచెయ్యి చూసుకున్నాడు. వేళ్ళు విప్పి, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. “నా సేత్తో పెట్టేను గదే” అన్నాడు. “వద్దంటంటే బతిమాలి పెట్టేను. ముద్ద ముద్దా నా సేత్తో పెట్టేను గదే.” అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు. ఆయన మిషను సూదులు పొడుస్తుంటే కూడా అంత బాధపడటం నేను చూడలేదు. ఇంతకంటే ఆ రోజు పరీక్షల నాడే చెప్పేసినా బాగుండేది, అప్పుడు దుఃఖం ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఆ మనిషికి దుఃఖంతో పాటు తన చెయ్యి కూడా శత్రువైపోయింది. చివరికి నేను ఆయనకి ఇవ్వగలిగింది ఇది.

లేచి వెళ్ళి రామ్ములక్క మొక్కలు పీకడం మొదలుపెట్టాడు. కాయలు నిండుగా ఉన్నాయి, కొన్ని ఎర్రబడుతున్నాయి. “పండిపోతన్నాయి బావా, క్యారేజీలకైనా పనికొత్తాయి, ఒగ్గీ” అన్నాను. వినిపించుకోలేదు. బచ్చలి పీకాడు, తోటకూర పీకాడు. ఆయాసం వచ్చి ఆగి, పిట్టగోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ పీకాడు. జామ అంటు దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయింది. దాని మొదట్లోనే కూర్చుండిపోయాడు. ఆ రోజు మేమిద్దరం అన్నం తినలేదు.

మర్నాడు మళ్ళీ మంచం ఎక్కేస్తాడనుకున్నాను. ఎక్కలేదు. పొద్దున్నే నన్ను లేపి చీర మార్చుకోమన్నాడు. ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. హిమబిందు డాక్టరు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, “ఈవిడికి ఏటి పెట్టాలో ఏటి పెట్టకూడదో నాకు సెప్పండమ్మా. వంట నాను సేత్తాను” అన్నాడు. నా మీద కోపం ఒక్క మాటలో కూడా చూపించలేదు. చూపించినా బాగుండేది.

ఖాళీ పెట్టెల్లో ఆనప, బీర, పొట్ల విత్తనాలు పెట్టాడు. అవైతే నీళ్ళు వార్చుకుని ఇద్దరూ తినొచ్చట. నేను క్యారేజీల వంటలో ఉంటే, ఆయన ఓ పక్కన కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ సన్నగా తరిగి, ఉడికించి, నీళ్ళు వార్చేవాడు. వార్చిన గిన్నె నాకు చూపించి మరీ తాలింపు వేసేవాడు. రెండు పళ్ళేల్లో ఒకే కూర. అన్నం మాత్రం ఇంకెప్పుడూ కలిపి నా నోట్లో పెట్టలేదు. పళ్ళెం నా ముందు పెట్టి, ఎడంగా జరిగి కూర్చునేవాడు. పెట్టమని నేనే ఒకరోజు నోరు తెరిచి అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

ఒకసారి డయాలసిస్ వార్డులో, మిషను తిరుగుతుండగా, నన్ను మంచం పక్కకి పిలిచాడు. “నీ ఎడం సెయ్యి ఇలగ పెట్టు” అన్నాడు. నా మోచేతి లోపల నరాన్ని వేలితో తడిమి చూశాడు.

“ఈ సెయ్యి దాసుకోవాల. రక్తం తియ్యడానికొచ్చినా, సెలైను ఎక్కించడానికొచ్చినా ఇది ఇవ్వకు. కుడిది సాపు. నాకు తెలిసేసరికి నా నరాలన్నీ సూదులతో పాడైపోయాయి. నీకు మిషను రోజొత్తే ఈ నరమే కావాల.”

“అప్పుడు సూద్దాంలే బావా.”

“అప్పుడు సెప్పడానికి నానుండను గదే” అన్నాడు. “సూది గుచ్చేటప్పుడు అటు సూడకు. మొదటి గంట సలేత్తాది, దుప్పటి అట్టుకురా. కాలు తిమ్మిరెక్కితే సిగ్గుపడక నర్సుని పిలు. నీకు నోరుంది, నిన్ను బాగా సూత్తారు.” అన్నీ చెప్పాడు. ఊరు వెళ్ళే మనిషి ఇంటి సంగతులు అప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్పి, మళ్ళీ నా చేత చెప్పించుకున్నాడు. పక్క మంచం ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మాఘమాసంలో, మిషను మీద ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. ఎవరో పరుగున వచ్చి పిలిచారు.

మొన్న పరీక్షకి వెళ్ళాను. రక్తం తీసే అమ్మాయి ఎడం చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుని కుడిది చాపాను. “మీతో ఎవరొచ్చారండీ?” అని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. సూది గుచ్చేటప్పుడు అటు చూడలేదు.

ఆనపపాదు పిట్టగోడ దాటి సత్యం గారి మెట్ల దాకా పాకింది. రోజుకో కాయ దిగుతోంది. ఒకటి కోసి, సగం సత్యం గారింట్లో ఇచ్చి, మిగతాది సన్నగా తరిగి, ఉడికించి, నీళ్ళు వార్చుకుంటాను. ఆ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంటే చెయ్యి లేవదు. తినకపోతే తిట్టేవాళ్ళు లేరు బావా. ఇద్దరికని పెట్టిన పాదు, నా ఒక్కదానికి కాయలు ఎక్కువైపోతున్నాయి.